చేత్తో ఎక్కని నట్టు

పానా పెట్టె – నెలనెలా

పోయిన నెల మిక్సీ జారు అడుగున నీళ్లు కారే సంగతి రాశాను. రబ్బరు వాషర్ మార్చుకున్నాం, కారడం ఆగిందని నలుగురైదుగురు చెప్పారు. సంతోషం. ఒకామె మాత్రం "మీరు రాసినట్టే చేసినా కారుతూనే ఉందన్నా" అని జారు పట్టుకొచ్చింది. చూస్తే వాషర్ బాగానే ఉంది, జారుకే పగులు. దానికి మందు లేదు, కొత్త జారు కొనడమే.

ఈ నెల ఫ్యాన్ కెపాసిటర్ గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే నెలకు జరుపుతున్నా. ఎందుకంటే ఈలోపల మా ఇంట్లోనే ఒక పని చెడింది. చెడగొట్టింది ఎవరో కాదు, నేనే. ఇన్నేళ్లుగా మీకు ఇది చెయ్యండి, అది చెయ్యకండి అని చెప్పేవాణ్ణి. నా తప్పును నేను రాయకుంటే ఆ చెప్పడానికి విలువేముంది?

మా అక్క కొడుకు సంగతి మీలో కొందరికి తెలుసు. టవల్ కార్ఖానాలో పన్నెండేళ్లు సాంచాలు నడిపాడు. కార్ఖానా వారానికి మూడు రోజులే నడవడం మొదలైంది, తర్వాత అదీ ఆగింది. రెండు నెలలు తిరిగి తిరిగి, చివరికి కార్లు కడిగి పాలిష్ చేసే పని నేర్చుకున్నాడు. షోలాపూర్‌లో ఇప్పుడు ప్రతి గల్లీలో రెండు మూడు కార్లున్నాయి. కడిగితే కొంత వస్తుంది, పాలిష్ చేస్తే దానికి మూడింతలు వస్తుంది. అందుకని పాలిష్ మెషిన్ కొన్నాడు. డబ్బు మా అక్కది. తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి, బచత్ గట్‌లో నెలనెలా వేసుకున్న పైసలు. అవి చాలక గట్ నుంచి అప్పు కూడా తీసింది. అక్క వేళ్లు చూస్తే ఆ మెషిన్ ఖరీదు ఎంతో తెలుస్తుంది.

మెషిన్ మంచిదే. స్పిండిల్ ఒక్కచోట నిలబడి గుండ్రంగా తిరిగే రకం. దీన్ని రోటరీ అంటారు. పెట్టెలో దానితోపాటు ఒక గట్టి రబ్బరు ప్లేటు, తాడు లాగి కట్టే ఉన్ని టోపీ వచ్చాయి. ఉన్ని టోపీతో రంగు మీద గీతలు పడుతున్నాయని పోరడు ఫోన్‌లో చూసి ఇంకో సెట్టు తెప్పించాడు. అందులో వెల్‌క్రో ఉన్న బ్యాకింగ్ ప్లేటు ఒకటి, మెత్తటి ఫోమ్ ప్యాడ్లు మూడు. "అన్ని మెషిన్లకూ సరిపోతుంది" అని దాని మీద రాసి ఉందట. ఆ ఒక్క మాట దగ్గరే అసలు కథ మొదలైంది.

నేను కరీంనగర్ దగ్గర మా మేనమామ మనవరాలి పెళ్లిలో ఉన్నా. బ్యాండు మోగుతుంటే ఫోన్ వచ్చింది.

"మామా, కొత్త ప్లేటు సరిగ్గ ఎక్కుతలేదు. రెండు చుట్లు తిరిగి ఆగుతుంది. పట్టుకుంటే జర ఊగుతుంది."

"మర మీద టెఫ్లాన్ టేపు చుట్టి పానాతో బిగించరా. ఊగుడు పోతది" అన్నా.

అంతే. వాడు ఏ మెషిన్ అన్నాడో నేను అడగలేదు. ప్లేటు మీద ఏం రాసుందో అడగలేదు. నల్లా పైపుకు చెప్పే మందు, నిమిషానికి వేల చుట్లు తిరిగే మెషిన్‌కు చెప్పేశా. టెఫ్లాన్ టేపు నీళ్లు కారకుండా ఆపుతుందే గానీ బరువు మొయ్యదు. ముప్పై ఒక్క ఏళ్లు రింగ్ ఫ్రేము ఫిట్టర్‌గా చేసినవాణ్ణి, ఇది నాకు తెలియదా? తెలుసు. పెళ్లి హడావుడిలో నోటికొచ్చింది చెప్పేశా.

వాడు చెప్పినట్టే చేశాడు. గల్లీ చివర ఉండే టాక్సీ నడిపే తమ్ముడి కారు, తెల్లది, బానెట్ మీద మొదలుపెట్టాడు. తక్కువ స్పీడులో బాగానే ఉంది. డయల్ మూడు దాటించగానే ప్లేటు ఒక పక్కకు వాలింది. ప్యాడ్ అంచు రంగులోకి దిగింది. అరచెయ్యంత మేర రంగు కాలి కింద బూడిదరంగు పూత బయటపడింది. వాడు మెషిన్ పైకెత్తాడు. అప్పుడే ప్లేటు ఊడి, బానెట్ అంచుకు తగిలి సొట్ట చేసి, ఎగిరి గోడకు కొట్టుకుంది. ఆ గోడ పక్కన అరుగు మీద వాడి బిడ్డ కూర్చుని జొన్నరొట్టె తింటోంది. తన్నింది ఆమెకు మూడడుగుల అవతల.

నేను పెళ్లి నుంచి తిరిగొచ్చేసరికి మెషిన్ గోనెసంచిలో కట్టి మూల పెట్టి ఉంది. అక్క నాతో ఎక్కువ మాట్లాడలేదు. ఒక్కటే అంది:

"తమ్మీ, మీ బావ కన్ను పోయింది గిట్లనే గదా. నాడె ఎగిరొచ్చి తగిలె. అప్పుడు గూడ ఎవరో ఏం కాదు నడుపు అన్నరు."

బావ ఎడమ కన్ను సంగతి పాతవాళ్లకు తెలుసు. సాంచాలోంచి నాడె ఎగిరి తగిలింది. ఆ సాంచాకు అడ్డు జాలీ లేదు. నాకు జవాబు దొరకలేదు. మరుసటి రోజు ఆదివారం. పొద్దున్నే నా డబ్బా పట్టుకుని వాళ్లింటికి పోయా.

ఇక పని. నేను చేసిన వరసలోనే రాస్తున్నా. మీ ఇంట్లో ఇలాంటి మెషిన్ ఉంటే ఇదే వరసలో చూసుకోండి.

మొదట ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు కంటికి ఎదురుగా ఉండాలి. పాలిషర్‌కు బటన్ నొక్కితే నడుస్తూ ఉండిపోయే లాక్ ఉంటుంది. కరెంటు పోయినప్పుడు లాక్ అలాగే ఉండిపోతే, కరెంటు రాగానే మెషిన్ తనంతట తాను లేస్తుంది. ఆ సమయంలో మీ వేళ్లు ప్లేటు మీద ఉండొద్దు.

రెండోది, స్పిండిల్ ఒక్కదాన్నే చూడాలి. ప్లేటు, ప్యాడ్ ఏమీ లేకుండా. మెషిన్‌ను బల్ల మీద పడుకోబెట్టి కదలకుండా కట్టి, ఒక పెన్సిల్ ముల్లును స్పిండిల్‌కు వెంట్రుకవాసి దూరంలో ఆనించి పెట్టా. చేత్తో స్పిండిల్ తిప్పా. ముల్లుకూ స్పిండిల్‌కూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉంటే స్పిండిల్ తిన్నగా ఉన్నట్టు. ఒకచోట తగిలి ఒకచోట దూరమైతే వంగినట్టు, లేదా బేరింగు పోయినట్టు. అప్పుడు ప్లేట్లు ఎన్ని మార్చినా లాభం లేదు, మెషిన్‌నే దుకాణానికి తిప్పి పంపాలి. మాది తిన్నగానే ఉంది. ప్లేటు ఊడిన దెబ్బకు వంగి ఉంటుందేమోనని భయపడ్డా. వంగలేదు. అక్క పైసలు బతికాయి.

మూడోది, పెట్టెలో వచ్చిన రబ్బరు ప్లేటు ఎక్కించి చూశా. రెండు వేళ్లతో తిప్పితే చివరిదాకా మెత్తగా పోయి, స్పిండిల్ భుజానికి ఆని కూర్చుంది. అంటే స్పిండిల్ మీద మర దెబ్బతినలేదు. తప్పు మెషిన్‌ది కాదు, కొత్త ప్లేటుది.

నాలుగోది, ఆ ప్లేటు రంధ్రంలో ఉన్న మర ఏదో తేల్చాలి. పిచ్ గేజ్ నా దగ్గర లేదు. ఉన్నది నా పాత డబ్బా. అందులో మిల్లు నాటి బోల్టులున్నాయి. ఇప్పటి పిల్లలకు ఇది కొంచెం చెప్పాలి.

మన మిల్లుల్లోని పాత మెషిన్లు చాలామటుకు ఇంగ్లాండు నుంచి, లాంకషైర్ వైపు నుంచి వచ్చినవి. వాటి బోల్టులన్నీ అంగుళాల లెక్క. 1841లో విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, ఏ లావు బోల్టుకు అంగుళానికి ఎన్ని చుట్లు మర ఉండాలో ఒక లెక్క కట్టాడు. అంతకుముందు ఒక కార్ఖానాలో చేసిన నట్టు ఇంకో కార్ఖానా బోల్టుకు ఎక్కేది కాదు. ఆ లెక్కనే మన మిల్లుల్లో "విట్‌వర్త్ చుడీ" అనేవాళ్లం. మన దేశంలో 1956లో మీటరు, కిలో లెక్కల చట్టం వచ్చింది. ఆ తర్వాత కొన్న మెషిన్లకు మిల్లీమీటర్ల చుడీ. అందుకే ప్రతి ఫిట్టర్ దగ్గరా రెండు డబ్బాలుండేవి. అంగుళం డబ్బా, మిల్లీ డబ్బా. రెండూ కలిస్తే జాబర్ చేత తిట్లు. మాకు పని నేర్పిన పెద్దాయన ఒక మాటే చెప్పేవాడు: "మొదటి మూడు చుట్లు వేళ్లతో పోకపోతే అది దాని నట్టు కాదురా. పానా ముట్టొద్దు."

ఆ డబ్బాలోంచి అయిదు సూతుల బోల్టు ఒకటి తీశా. అయిదు సూతులంటే అంగుళంలో ఎనిమిదో వంతులు అయిదు. మిల్లీమీటర్లలో దాదాపు 15.9. దానికి అంగుళానికి 11 చుట్లు మర. కొత్త ప్లేటు రంధ్రంలో పెట్టి తిప్పితే వేళ్లతోనే చివరిదాకా పోయింది. విట్‌వర్త్ మర పళ్ల కోణం 55 డిగ్రీలు, ఇప్పటి అమెరికా మరకు 60. అయినా ఈ సైజులో రెండింటికీ అంగుళానికి 11 చుట్లే కాబట్టి పరీక్షకు సరిపోయింది. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని ప్లేటు వెనక చూశా. రబ్బరు మీద చిన్న అక్షరాల్లో 5/8-11 అని అచ్చు ఉంది. ఎవరూ చూడలేదు. నేను ఫోన్‌లో అడిగి ఉంటే వాడు చూసేవాడు.

మన దగ్గర అమ్మే పెద్ద పాలిషర్లకు, అయిదంగుళాలు, ఏడంగుళాల గ్రైండర్లకు స్పిండిల్ సాధారణంగా ఎం14 ఉంటుంది. అంటే 14 మిల్లీమీటర్ల లావు, ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు ముందుకు. అమెరికాలో వాడే మెషిన్లకు 5/8-11. అది ఒక చుట్టుకు 2.3 మిల్లీమీటర్లు పోతుంది. ఎం14 ప్లేటును అమెరికా స్పిండిల్‌కు పెడితే అసలు దూరదు, కాబట్టి ప్రమాదం లేదు. ప్రమాదం దీనికి తలకిందులైనప్పుడే. అమెరికా ప్లేటు రంధ్రంలో పళ్ల కొసల మధ్య ఉండే దూరం పదమూడున్నర మిల్లీమీటర్లకు కొంచెం అటూఇటూ. మన స్పిండిల్ బయటి లావు 14కు వెంట్రుకవాసి తక్కువ. అంటే పళ్ల కొసలు కొసలకు తగులుతాయి, అంతే. ఒకటి రెండు చుట్లు పోయినట్టే పోయి, పిచ్చు కలవక వంకరగా ఇరుక్కుంటుంది. "బిగుసుకుంది" అని మనకు అనిపిస్తుంది. నిజానికి అది బిగుసుకోలేదు, అడ్డం పడింది. దాని మీద నేను టేపు చుట్టమన్నా. టేపు ఆ సందును నింపి, ఊగే ప్లేటును ఊగనట్టు చూపించింది. తప్పును దాచిపెట్టిందన్న మాట.

ఇంట్లో పాత బోల్టు లేనివాళ్లు ఇంకోలా చూడొచ్చు. పేరు తెలిసిన ఒక బోల్టును స్పిండిల్ పక్కన ఆనించి, పళ్లలో పళ్లు పెట్టి వెలుతురుకు ఎత్తి పట్టండి. పొడుగునా పళ్లు కలిసి వెలుతురు కనపడకపోతే రెండింటి పిచ్చు ఒకటే. మొదట కలిసి, పోను పోను విడిపోతే వేరు. దువ్వెనలు రెండు కలిపి చూసినట్టే.

ఇద్దరం సోమవారం బజారుకు పోయాం. మెషిన్‌ను సంచిలో పెట్టుకునే పోయాం. ఇది గట్టిగా చెప్తున్నా. ప్లేటు కొనేటప్పుడు సైజు చెప్పి కొనకండి, మెషిన్ పట్టుకెళ్లి కొనండి. దుకాణంలోనే వేళ్లతో తిప్పి చూడాలి. ఆగకుండా పోవాలి. చివర ప్లేటు ముఖం స్పిండిల్ భుజానికి ఆనాలి. కొన్నిటికి రంధ్రం లోతు తక్కువగా ఉండి, భుజానికి ఆనకముందే స్పిండిల్ కొస అడుగుకు తగులుతుంది. అదీ ఊగుతుంది. అలాంటిది తీసుకోకండి. దుకాణదారు వాషర్ వేసుకో అంటే వద్దనండి. ఎం14, అయిదంగుళాల ప్లేటు దొరికింది. అల్లుడు వేళ్లతో తిప్పుతుంటే చూశా. భుజానికి ఆనిన చప్పుడు 'టక్'మని వినిపించింది. "మామా, దీనికి పానా అక్కర్లేదా?" అన్నాడు. అక్కర్లేదు. మెషిన్ తిరిగే దిక్కుకు ప్లేటు తానే బిగుసుకునేలా మర కోసి ఉంటుంది. దాని మర దానికైతే చేతి బిగువు చాలు. తీసేటప్పుడు స్పిండిల్ లాక్ బటన్ నొక్కి తిప్పాలి. ఆ బటన్ మెషిన్ పూర్తిగా ఆగాకే నొక్కాలి. తిరుగుతుండగా నొక్కితే లోపల పళ్లచక్రం పోతుంది.

ఇంటికొచ్చి ఉత్త ప్లేటుతో తక్కువ స్పీడులో నడిపాం. వణుకు లేదు. ప్యాడ్ అంటించి నడిపాం. మళ్లీ వణుకు! వాడి ముఖం వాడిపోయింది. ఇక్కడే ఓపిక కావాలి. ఉత్త స్పిండిల్ బాగుంది, ప్లేటుతో బాగుంది, ప్యాడ్ పెట్టాకే వణికింది. అయితే తప్పు ప్యాడ్‌లోనే ఉంది, ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. ఒక్కొక్కటి కలుపుతూ పోతే తప్పు ఎక్కడ చేరిందో అదే చెప్తుంది. అన్నీ ఒకేసారి పెట్టి చూస్తే రోజంతా వెతకాలి.

ప్యాడ్ తీసి చూస్తే రెండు కారణాలు. ఒకటి, ప్యాడ్ నడిమధ్యలో అంటించలేదు. అయిదంగుళాల ప్లేటుకు ఆరంగుళాల ప్యాడ్ పెడితే చుట్టూ అర అంగుళం సమంగా బయటికి రావాలి. ఆ మెత్తటి అంచే గట్టి ప్లేటు రంగుకు తగలకుండా కాపాడేది. మాది ఒక పక్క ముప్పావు అంగుళం, ఇంకో పక్క పావు అంగుళం ఉంది. మిల్లులో చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. స్పిండిల్ మీద బాబిన్ సరిగ్గా కూర్చోకపోతే ఏమయ్యేది? ఊగేది, దారం తెగేది. ఇదీ అంతే. ప్యాడ్‌ను వెల్‌క్రో పైకి వచ్చేలా బల్ల మీద పెట్టి, ప్లేటును పైనుంచి మెల్లగా దించి, అంచు చుట్టూ బొటనవేలు పెట్టి కొలుచుకుని, అప్పుడు నొక్కాలి.

రెండో కారణం, ఆ రోజు ఊగిన వేడికి ఆ ప్యాడ్ వెనక వెల్‌క్రో ఒక పక్క కరిగి నున్నగా అయింది. అక్కడ పట్టు లేదు. కరిగిన వెల్‌క్రోకు జిగురు రాసి వాడదామని వాడు అన్నాడు. నేను ఈసారి వద్దన్నా. ఆ ప్యాడ్ పారేశాం. మిగతా రెండిట్లో ఒకటి పెడితే మెషిన్ సాఫీగా తిరిగింది.

అప్పుడు కూడా కారు ముట్టుకోలేదు. అక్క వాళ్ల పాత ఇనుప బీరువా తలుపు ఊడదీసి దాని మీద అరగంట నడిపించా. ప్యాడ్‌ను ముందు రంగుకు ఆనించి, తర్వాత స్విచ్ వెయ్యాలి. గాలిలో తిప్పి దించితే మందు నాలుగు దిక్కులా చిమ్ముతుంది, ప్యాడ్ ఎగిరి పడుతుంది. ఒక్కచోట ఆగకూడదు. పైన వైరు భుజం మీదుగా వెనక్కి ఉండాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి, ఇది అక్క పెట్టిన షరతు. కారు మీద మూలలకు, గీతలకు కాగితం టేపు అంటించాలి. అక్కడ రంగు పలచగా ఉంటుంది. కారు రంగు పైన ఉండే మెరుపు పూత సాధారణంగా 40, 50 మైక్రాన్లు. ఒక మిల్లీమీటరులో వెయ్యి మైక్రాన్లు. మన తలవెంట్రుక అంత మందం కూడా లేదన్న మాట. దాన్నే మనం మెషిన్‌తో రుద్దుతున్నది. ఊగే ప్యాడ్‌కు అది ఒక్క క్షణం పని.

ఇదే వరసలో ఇంకో రెండు మాటలు. మొన్న ఒక తమ్ముడు నాలుగంగుళాల గ్రైండర్‌కే పాలిష్ ప్యాడ్ పెట్టుకోవచ్చా అని అడిగాడు. దాని స్పిండిల్ మనదగ్గర ఎక్కువగా ఎం10, 10 మిల్లీమీటర్లది. ఎం14కు మార్చే చిన్న ముక్క బజారులో దొరుకుతుంది, నిజమే. కానీ ఆ గ్రైండర్ నిమిషానికి 11 వేల చుట్ల దాకా తిరుగుతుంది. మా పాలిషర్ అన్నిటికంటే తక్కువలో 600, ఎక్కువలో 3,000. ప్యాడ్ వెనక అది ఎన్ని చుట్లదాకా ఆగుతుందో రాసి ఉంటుంది, చదవండి. మర కలిసినంత మాత్రాన పని కలిసినట్టు కాదు. గ్రైండర్‌తో పాలిష్ చెయ్యొద్దు.

రెండోది, గుండ్రంగా తిరుగుతూనే అటూఇటూ ఊగే మెషిన్లు ఉంటాయి. డ్యూయల్ యాక్షన్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే నయం, రంగు త్వరగా కాల్చదు. దానికి వణుకు కొంత సహజం, చూసి బెదరకండి. లోపల ప్లేటు బరువుకు ఎదురు బరువు పెట్టి ఉంటారు, కాబట్టి కంపెనీ చెప్పిన సైజు ప్లేటే వాడాలి. దాని ప్లేటు బోల్టు దగ్గర కూడా ఇదే మోసం. ఎం8 అంటే 8 మిల్లీమీటర్లు, పిచ్చు 1.25. అమెరికా లెక్కలో 5/16-24 అంటే 7.9 మిల్లీమీటర్లు, పిచ్చు దాదాపు 1.06. కంటికి రెండూ ఒకటే. ఒక చుట్టు రెండు చుట్లు పోతుంది, తర్వాత ఇరుక్కుంటుంది. అక్కడ బలం పెట్టారా, మెషిన్‌లో ఉన్న మర కొట్టుకుపోతుంది. ప్లేటు కింద పలచటి వాషర్లుంటే పారేయకండి. ప్లేటు పైనున్న రబ్బరు కప్పుకు రాసుకోకుండా అవి ఎత్తు సరిచేస్తాయి. ఎన్ని ఉంటే అన్నీ తిరిగి వెయ్యండి.

ఇక టాక్సీ తమ్ముడి కారు. బానెట్ సొట్ట తీయించి రంగు వేయించాల్సి వచ్చింది. రంగు దుకాణం లెక్క చెప్పగానే అల్లుడు నెలనెలా ఇస్తానన్నాడు. ఆ తమ్ముడి నాన్న, నేను ఒకే ఖాతాలో పనిచేశాం. పొద్దున భోంగా కూయగానే ఒకే గేటులోంచి లోపలికి పోయినవాళ్లం. ఆయన మీద మొహమాటంతో తమ్ముడు వద్దులే అన్నాడు. వద్దంటే కుదరదని నేనన్నా. కారు నాలుగు రోజులు ఆగితే వాళ్లింట్లో నాలుగు రోజుల సంపాదన ఆగినట్టే. లెక్కలో సగం నేను కట్టా, సగం అల్లుడు కడుతున్నాడు. అల్లుడు ఒప్పుకోలేదు, "నడిపింది నేను గదా మామా" అన్నాడు. నడిపింది వాడే, నడపమన్నది నేను. ఖాతాలో తప్పు జరిగితే హెల్పర్ పగారులోంచి కోసి ఫిట్టర్‌ను వదిలేసే రోజుల్లో పనిచేశా. అది అప్పుడూ నాకు నచ్చలేదు.

ప్లేటు అమ్మినవాళ్లు వాడిన వస్తువు తిరిగి తీసుకోమన్నారు. దాన్ని అక్క ఇంటి తలుపు పక్కన మేకుకు తగిలించా. కొన్నదగ్గర పైసలు పోయాయి గానీ, పని నేర్చుకునే పిల్లలొస్తే వేళ్లతో తిప్పి చూడమంటా. మూడో చుట్టు దగ్గర ఆగుతుంది. అదే పాఠం.

పోయిన శుక్రవారం అల్లుడు మొదటి కారు పూర్తిచేశాడు. నేను పక్కనే కూర్చున్నా, నోరు విప్పలేదు. ప్లగ్గు పీకాడు, ప్లేటు వేళ్లతో ఎక్కించాడు, ప్యాడ్ చుట్టూ బొటనవేలితో కొలిచాడు, బిడ్డను లోపలికి పొమ్మన్నాడు. అప్పుడు అద్దాలు పెట్టుకున్నాడు. అక్క బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. మెషిన్ లేచినప్పుడు ఆమె చేతులు ఆగాయి. కొంచెంసేపటికి మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

మీ ఇంట్లో బోల్టుకు ఎక్కని నట్టు, నట్టుకు కుదరని బోల్టు ఏదున్నా ఆదివారం పొద్దున మా అరుగు మీదికి పట్టుకురండి. వస్తువు తీసుకురండి, ఫోన్‌లో మాత్రం అడక్కండి. చూడకుండా చెప్పనని అక్కకు మాటిచ్చా.

వచ్చే నెల తప్పకుండా ఫ్యాన్ కెపాసిటర్.